సగటున నాలుగుంపావు మంది

ఆ రైలు లైను పొడవు ముప్పై ఎనిమిది కిలోమీటర్ల నాలుగు వందల మీటర్లని కాగితంలో ఉంది. దాని మీది కంపు పొడవెంతో కాగితంలో లేదు. గేటమ్మనడిగితే చెప్పేది. ఆరో గేటు దగ్గర మొదలై పాడుబడ్డ స్టేషను దాకా మూడు వందల అడుగులు. మొదటి వంద అడుగులూ కోళ్ళ కొట్టువాడి సొంతం. ఈకలు, పేగులు, కాళ్ళు, తలకాయలు బకెట్లతో తెచ్చి, మిగిలిన పట్టాల మధ్య గుమ్మరిస్తాడు. రెండో వంద అడుగులు ఊరుమ్మడి. పసిపిల్లల గుడ్డల దగ్గర్నుంచి చచ్చిన కుక్క దాకా అన్నీ అక్కడికే వస్తాయి. మూడో వంద అడుగుల సంగతి పైకి చెప్పుకునేది కాదు. పొద్దున్నే చెంబు పట్టుకెళ్ళేవాళ్ళకు తెలుసు.

గేటు పోయినా గేటమ్మకు పేరు పోలేదు. పద్నాలుగేళ్ళు ఆ ఆరో గేటు వేసింది, తీసింది. లైను మూతపడ్డాక జంక్షను దగ్గర ఇంకో గేటుకు మార్చారు. అక్కడ పదకొండేళ్ళు చేసి, రిటైరై, మళ్ళీ ఇక్కడికే వచ్చి మరిది ఇంట్లో పడమటి గదిలో ఉంటోంది. భర్త పట్టాలు చూసుకునే గ్యాంగుమనిషి, ఎప్పుడో పోయాడు. పిల్లల్లేరు. ఆ గదికి ఒకటే కిటికీ. తెరిస్తే లైను. అందుకని పదకొండేళ్ళుగా ఆ కిటికీ తెరవలేదు.

ఒకరోజు పొద్దున్న ముప్పై అయిదేళ్ళ మనిషొకడు చంకలో అట్టల కట్ట పెట్టుకుని రైలుకట్ట మీద నడుచుకుంటూ వచ్చాడు. వచ్చీ రాగానే కోడిపేగుల్లో కాలేశాడు. కొత్త బూటు. కాలెత్తి చూసుకుని, మళ్ళీ ఎక్కడ దించాలో తెలియక కొంగలా నిలబడిపోయాడు.

"చూసుకుని నడవాలి బాబూ. ఇక్కడ బళ్ళు రావు గానీ ఇలాంటివి వస్తాయి" అంటూ గేటమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి పోసింది.

"ఇది రైల్వే స్థలమే కదమ్మా?" అన్నాడు, బూటు రాతికేసి రుద్దుతూ.

"స్థలం రైల్వేది. కంపు ఊరిది."

అతను పెద్దాఫీసు నుంచి వచ్చిన లెక్కల గుమాస్తా. సాయంత్రానికల్లా ఊళ్ళో లెక్కలాయన అయిపోయాడు. కూలిన గేటు గదికి మిగిలిన రేకుల కింద స్టూలు వేసుకుని, అట్ట మీద కాగితం పెట్టి, లైను వివరాలు ఒక్కొక్కటే చదివి గేటమ్మతో సరిచూసుకున్నాడు. బళ్ళు నడిచింది అరవై ఒక్క ఏళ్ళు. ఆగిపోయి ఇరవై రెండేళ్ళు. స్టేషన్లు ఏడు, గేట్లు పదకొండు. రోజుకు రెండు బళ్ళు పోను, రెండు బళ్ళు రాను. ఈ ఊరి నుంచి జంక్షనుకు గంటా పది నిమిషాలు. వంతెనలూ తూములూ కలిపి అరవై నాలుగు.

"అరవై అయిదు" అంది గేటమ్మ.

"ఇందులో నాలుగే ఉందమ్మా."

"మొదటి గేటు దాటాక ఒక తూము మట్టిలో పూడిపోయింది. ఎంత వానకీ చప్పుడు చెయ్యదని గ్యాంగువాళ్ళు దాన్ని మూగతూమనేవాళ్ళు. నీ కాగితం రాసినవాడు బండిలో కూర్చుని రాసుంటాడు. మా ఆయన దాని మీద పన్నెండేళ్ళు నడిచాడు."

లెక్కలాయన మొహం విప్పారింది. నాలుగు కొట్టేసి అయిదు వేశాడు. లెక్క సరిదిద్దేవాళ్ళంటే అతనికి ప్రాణంలా ఉంది. ఆ హుషారులో చివరి అంకె కూడా చదివాడు.

"మూసేసే ముందు మూడు రోజులు మనుషుల్ని లెక్క పెట్టారు. పన్నెండు బళ్ళకి యాభై ఒక్క మంది. బండికి సగటున నాలుగుంపావు మంది." నవ్వాడు. "ఆ పావు మనిషి ఎవరోనమ్మా?"

గేటమ్మ నవ్వలేదు. ఖాళీ చెంబు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. తేలు కుట్టిన దొంగ నోరెత్తగలడా?

లెక్కలాయన పని మూడు రోజులది. లైనును కాగితాల్లోంచి శాశ్వతంగా తీసేసి స్థలం వదిలించుకోవాలా, లేక పట్టాలు మళ్ళీ వేసి ఒక చిన్న బండి నడపాలా అన్నది పెద్దాఫీసులో తేలకుండా ఉంది. అందుకని ఊరూరా మనుషుల్ని పంపారు. ఎవరు, ఎక్కడికి, ఎందుకు, వారానికి ఎన్నిసార్లు ప్రయాణం చేస్తారో మనిషికొక వరస రాసుకోవాలి. కొత్త లెక్క దొరక్కపోతే పాత లెక్కే నిలుస్తుంది.

"పాత లెక్కంటే?" అంది గేటమ్మ గడప లోపల్నుంచి.

"నాలుగుంపావేనమ్మా."

ఊళ్ళో మనిషన్నవాడు అతని చుట్టుపక్కలకు రాలేదు. అతను ఈ చివర కనబడితే ఆ చివర తలుపులు పడ్డాయి. కారణం ఎవరూ పైకి అనరు గానీ ప్రతి ఇంట్లోనూ లైను ముక్క ఒకటుంది. దర్జీ ఇస్త్రీబల్ల కాళ్ళు పట్టా ముక్కలు. పంతులుగారి పెరటి మెట్లు పట్టాల కింద వేసే చెక్క స్లీపర్లు. కోళ్ళ కొట్టువాడు కోళ్ళు నరికే మొద్దు కూడా స్లీపరే. అది నల్లగా, జిడ్డుగా, ఎప్పుడూ ఈగలు ముసురుతూ ఉంటుంది. స్టేషన్లో గంటగా వేలాడదీసిన పట్టా ముక్క పాల కేంద్రానికి చేరింది. చేతిలో అట్ట, మెడలో రైల్వే బిళ్ళ ఉన్నవాడు ఇరవై రెండేళ్ళ తరవాత ఊళ్ళో దిగాడంటే సామాను పట్టుకుపోవడానికి కాకపోతే ఎందుకు దిగుతాడని వాళ్ళ లెక్క.

మొదటి రోజు ఒక్క వరసా నిండలేదు.

రెండో రోజు గేటమ్మ ఊళ్ళో లేదు. మరిదిని ఆసుపత్రికి తీసుకెళ్ళే రోజు. అతనికి మూత్రపిండాలు పాడై రెండేళ్ళయింది. వారానికి రెండుసార్లు జంక్షను ఊళ్ళో యంత్రం మీద రక్తం కడిగించాలి. భార్య ఒక రెక్క పట్టుకుంటుంది, వదిన ఇంకో రెక్క. తెల్లవారకముందే బయల్దేరి, రెండుచోట్ల బస్సు మారి, నాలుగు గంటల ప్రయాణం. యంత్రం మీద నాలుగు గంటలు. మళ్ళీ రాను నాలుగు.

వచ్చేటప్పుడు ఎప్పుడూ జరిగేదే జరిగింది. రెండో బస్సులో మరిదికి వాంతయింది. పట్టుకోడానికి గేటమ్మ ఒళ్ళో ప్లాస్టిక్ సంచి ఎప్పుడూ సిద్ధం. ఆ రోజు సంచి అడుగున చిల్లుంది. వెచ్చగా మోకాళ్ళ మీదికి కారింది. ముందు సీటువాడు ముక్కు మూసుకుని, కండక్టరు వైపు చూసి, "ఇలాంటివాళ్ళనెందుకు ఎక్కిస్తారు?" అన్నాడు. మరిది విన్నాడు. కళ్ళు మూసుకున్నాడు. యాభై ఏడేళ్ళ మనిషి చిన్నపిల్లాడిలా, "తప్పయిపోయింది వదినా" అన్నాడు.

"నోరు తుడుచుకో" అంది గేటమ్మ.

పక్కన తోడికోడలు మొదలెట్టింది. అది ప్రతిసారీ ఉండే పాటే.

"గంటా పది నిమిషాలే అక్కా. గంటలో దింపే బండిని నోట్లోంచి లాక్కున్నారు. ఎక్కేవాళ్ళే లేరని రాశాడట మహానుభావుడు. మనం కనబళ్ళేదా వాడి కళ్ళకి? ఆ లెక్క రాసిన చెయ్యి పడిపోను. వాడి వంశంలో మంచం పట్టినవాడికి నీళ్ళిచ్చే దిక్కు లేకపోను."

"ఊఁ" అంది గేటమ్మ.

ఎప్పుడూ ఊఁ అనే అంటుంది. కానీ ఆ చెయ్యి ఎవరిదో ఆమెకు తెలుసు. ఆ చెయ్యే ఇప్పుడు సంచి మూతి బిగించి పట్టుకుని ఉంది.

లైను నడిచే రోజుల్లో ఆ ఊళ్ళో టికెట్టు కొనడమంటే నామర్దా. "ఈ కట్టకి మట్టి మోసింది మా తాత. మా తాత కట్ట మీద పోయే బండికి నేను టికెట్టు కొనాలా?" అనేవాళ్ళు. అందరి తాతలూ మోశారు మరి. స్టేషన్లో టికెట్టు గుమాస్తా కూడా కిటికీ తెరిచేది తక్కువ, కునికేది ఎక్కువ. గార్డు అందరికీ వరసలు కలిపి మాట్లాడేవాడు. టికెట్టు కొన్నాడంటే వాడు ఊరికి కొత్తవాడని గుర్తు.

కాకపోతే ఆరు నెలలకోసారి తనిఖీ దళం జంక్షనులో ఎక్కి, గార్డు పెట్టెలో వచ్చి, ఈ స్టేషన్లో దిగి పెట్టెలు వెతికేది. దానికీ ఒక ఏర్పాటుంది. అయిదో గేటాయన గేటు ఫోను తిప్పి, "చుట్టాలొస్తున్నారు" అనేవాడు. వెంటనే గేటమ్మ తన గది ముందు తీగ మీద పసుపు దుప్పటి ఆరేసేది. మలుపు కాబట్టి ఆరో గేటు దగ్గర బండి మనిషి నడకకు తగ్గుతుంది. దుప్పటి కనబడితే చాలు, ఆడా మగా బుట్టలతో సహా గేటు దగ్గరే దూకేసి పొలాలకడ్డంపడి ఇళ్ళకు పోయేవాళ్ళు. స్టేషన్లో ఎక్కాల్సినవాళ్ళు కూడా దూరం నుంచి దుప్పటి చూసి వెనక్కి తిరిగేవాళ్ళు. దళం పెట్టె పెట్టే వెతికితే దొరికేది ఖాళీ బల్లలే. దీంట్లో గేటమ్మకు ఎవరూ చిల్లిగవ్వ ఇచ్చింది లేదు. ఊరు తనను నమ్ముకుందన్న గొప్ప, అంతే.

ఆ సంవత్సరం వానలకు ముందు అయిదో గేటాయన ఫోను తిప్పాడు. "చుట్టాలే, కానీ కొత్తరకం. ముగ్గురు. నల్లకోట్లు లేవు. చేతుల్లో అట్టలున్నాయి."

"అట్టలైతేనేం, కోట్లైతేనేం" అని గేటమ్మ దుప్పటి ఆరేసింది. మర్నాడూ వచ్చారు. మర్నాడూ ఆరేసింది. మూడో రోజూ ఆరేసింది. మూడో పొద్దున గేటు దగ్గర దూకినవాళ్ళను సరదాకి లెక్కపెట్టింది. నూట ముప్పై ఎనిమిది మంది. దర్జీ మోకాలు చీరుకుపోతే పసుపద్దింది కూడా. ముగ్గురు చుట్టాలూ తిరుగుబండిలో ఖాళీ బల్లల మధ్య కూర్చుని బుద్ధిగా ఏదో రాసుకుంటూ ఆమె గేటు దాటి వెళ్ళారు. ఒకడు ఆమెకు నమస్కారం కూడా పెట్టాడు.

ఆరు నెలల తరవాత లైను మూసేస్తున్నామని స్టేషను గోడ మీద కాగితం అంటించారు. ఉదయం బండికి పచ్చజెండా చూపించి, మంచినీళ్ళు తెచ్చుకోడానికి అటు వెళ్ళి, అందరికంటే ముందు ఆమే చదివింది. ఎనిమిదో తరగతి చదువు ఎందుకూ పనికి రాలేదనుకునేది. ఆ రోజు పనికొచ్చింది. లెక్కించిన తేదీలు మూడూ అందులో ఉన్నాయి. జిగురు తడి ఆరకముందే కాగితాన్ని చింపి జాకెట్లో దోపుకుంది. లెక్కపెట్టడానికి ఎవరూ రాలేదనీ, ఆఫీసులో కూర్చుని దొంగలెక్క రాశారనీ ఊరు అనుకుంది. అనుకోనిచ్చింది. అయిదో గేటాయన ఆ సంగతి కడుపులో పెట్టుకునే పోయాడు.

రెండో రోజు చీకటి పడేవేళకు ముగ్గురూ ఇల్లు చేరారు. గేటమ్మ ఒళ్ళు కడుక్కుని, చీర నానబెట్టి, రేకుల కిందికి వెళ్ళింది. లెక్కలాయన కాగితాలు సర్దుకుంటున్నాడు.

"ఎంతమంది?"

"ఇద్దరమ్మా. ఒకాయనకు చెవులు వినబడవు, ఏమడిగినా తలూపాడు. రెండో ఆయన తాగున్నాడు. వారానికోసారి చంద్రుడి మీదికి పోయొస్తానన్నాడు."

"రేపు?"

"రేపు సాయంత్రం ఆరుకి కాగితాలు కట్టేస్తాను. ఏమీ లేకపోతే పాతదే ఎక్కిస్తాను. తప్పదు."

మూడో రోజు పొద్దున్నే గేటమ్మ ఇల్లిల్లూ ఎక్కింది. దర్జీ ఇస్త్రీబల్ల మీద దుప్పటి కప్పి దాని ముందు నిలబడ్డాడు. "ప్రయాణాలా? మేమెక్కడికి వెళ్తాం పిన్నీ? ఈ గదే మాకు లోకం" అన్నాడు. పంతులుగారు వాకిట్లోనే ఆపి, "మనకెందుకమ్మా ప్రభుత్వం గొడవ" అన్నారు. పెరటి మెట్ల మీద అప్పటికే పశుగ్రాసం పరిచి ఉంది. కోళ్ళ కొట్టువాడు కత్తి ఆపకుండా, "వాడు పోయేదాకా ఆ మొద్దు మీద నేను కోయను, ఇదిగో, ఇలా ఇంట్లోనే కోస్తున్నా. నువ్వూ కాస్త నోరు కట్టుకో" అన్నాడు. మాట్లాడుతుంటే తెగిన తలకాయ ఒకటి ఆమె పాదాల దగ్గరికి దొర్లింది. దాని కన్ను ఇంకా తెరిచే ఉంది. గేటమ్మకు ఆ కోడి మీద కంటే ఊరి మీద ఎక్కువ రోత పుట్టింది. ఆనాడూ అంతే. చెయ్యెత్తి 'నేనున్నా' అనాల్సిన రోజున పొలాలకడ్డంపడి పరిగెత్తారు. పరిగెత్తమన్నది ఎవరు?

ఆ రోత తిరిగి తిరిగి తన దగ్గరికే వచ్చింది.

ఇంటికి వచ్చి, పెట్టె అడుగునుంచి పాత కాగితం తీసి కొంగున ముడేసుకుంది. నాలుగింటికి పాల కేంద్రం దగ్గర ఊరంతా పాలడబ్బాలతో చేరుతుంది. ముందుగా లెక్కలాయనను పిలిచి, కేంద్రం గోడ వెనక అరుగు మీద కూర్చోబెట్టింది.

"నేను పిలిచేదాకా తల బయటపెట్టకు. ఏం వినబడినా రాసుకుంటూ ఉండు."

"ఏం వినబడుతుందమ్మా?"

"చెవులు కడుక్కోవాల్సినవి."

జనం చేరగానే ఇనప చువ్వ తీసుకుని, వేలాడే పట్టా ముక్కను మూడుసార్లు కొట్టింది. బండి వచ్చే ముందు స్టేషన్లో కొట్టే వరస అది. ముసలివాళ్ళ తలలు వాటంతటవే మలుపు వైపు తిరిగాయి.

"ఏమైంది పిన్నీ? బండొస్తోందా?" అన్నాడు దర్జీ. నలుగురు నవ్వారు.

"బండి పోయింది ఎందుకో చెప్తాను, వినండి" అంది గేటమ్మ. "ఇరవై రెండేళ్ళుగా ఆఫీసులో కూర్చుని దొంగలెక్క రాశారని తిడుతున్నారుగా. ఎవరూ ఆఫీసులో కూర్చోలేదు. ముగ్గురు మనుషులొచ్చారు. మూడు రోజులు మన బళ్ళలోనే తిరిగారు. వాళ్ళు తనిఖీవాళ్ళు కాదు, మనుషుల్ని లెక్కపెట్టేవాళ్ళు. నేను పసుపు దుప్పటి ఆరేశాను. మీరు దూకారు. వాళ్ళు ఖాళీ బల్లల్ని లెక్కపెట్టుకుని పోయారు." ముడి విప్పి కాగితం చూపించింది. "గోడ మీద అంటించింది ఇదే. తేదీలున్నాయి. చింపి దాచింది నేనే."

పాలు కొలిచేవాడి చేతిలో గిన్నె నిండి పొర్లుతోంది. వాడు చూసుకోలేదు.

ముందు కదిలింది తోడికోడలు. డబ్బా నేల మీద పెట్టి దగ్గరికొచ్చింది. గొంతు పెంచలేదు.

"వారానికి రెండుసార్లు శపించాను. నీ పక్కనే కూర్చుని శపించాను. నువ్వు సంచి పట్టుకుని ఊఁ కొట్టావు గేటమ్మా."

ముప్పై ఏళ్ళలో ఆ నోట అక్కా అన్న పిలుపు తప్ప గేటమ్మ ఇంకోటి వినలేదు.

"గంటలో దిగాల్సిన మనిషిని నాలుగు గంటలు కుదేస్తున్నాం. పోను నాలుగు, రాను నాలుగు, వారానికి రెండుసార్లు. మేం ముగ్గురం. ఆయన నీ మీద వాంతి చేసుకుని నీకే క్షమాపణ చెప్పాడు నిన్న. ఎలా విన్నావు ఆ మాట?"

తోడికోడలు డబ్బా అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది.

అక్కడితో ఊరికి నోరొచ్చింది. ఎవరో ఆమె కాళ్ళ దగ్గర ఉమ్మారు. "మా పిల్ల కాలేజీ మానేసింది నీ వల్లే. రోజూ రెండు బస్సులు మారలేక" అంది పాలావిడ. "మా అమ్మ కంటి ఆపరేషనుకి ఆలస్యమై కన్ను పోయింది" అన్నాడొకడు. "నెలకి నాలుగుసార్లు కోర్టుకి పోతాను, నాలుగుసార్లూ వాయిదాకి అందను" అన్నాడు ఇంకొకడు. తిట్లు పడుతూనే గేటమ్మ ఓరగా గోడ వైపు చూసింది. అరుగు మీద లెక్కలాయన మోకాలు, మోకాలి మీద అట్ట, అట్ట మీద కలం కనబడుతున్నాయి. కలం పరిగెత్తుతోంది. ఎవరు, ఎక్కడికి, ఎందుకు, ఎన్నిసార్లు. తిట్టే ప్రతి నోరూ ఒక వరస నింపుతోంది.

గేటు పద్నాలుగేళ్ళు వేసిన మనిషికి ఏ బండిని ఎప్పుడు వదలాలో ఒకరు చెప్పాలా? కొంగు నడుముకి బిగించింది.

"నువ్వెందుకురా అరుస్తావు?" అంది దర్జీతో. "ఈ గదే లోకమన్నావుగా పొద్దున. సూది కావాలన్నా పెళ్ళాన్ని పంపేవాడివి, నీకు బండెందుకు?"

"నేనా? వారానికి మూడుసార్లు జంక్షనుకి బట్టల మూట మోసుకుపోయేది నేను కాదా? బస్సు పైన వేస్తే వానకి తడిసి సగం బూజు. నా మోకాలు చూడు, నీ దుప్పటి నాటి మచ్చ ఇంకా ఉంది."

"మోకాలు అందరికీ ఉంది. అదిగో, ఆ వెనకావిడ మాట్లాడదేం? ఊరు దాటిన మొహమేనా అది?"

"నా మొహం సంగతి నీకెందుకు? వారం వారం మా అక్క దగ్గరికి పోతాను. పక్షవాతం మనిషి. నేను పోతేనే స్నానం."

"చెప్పొచ్చావు. అయితే మీ ఇంట్లో మగాళ్ళు గోళ్ళు గిల్లుకుంటూ కూర్చుంటారు కాబోలు."

"ఇద్దరూ మిల్లు పనికి పోతారు రోజూ. నీలా జెండా ఊపి తినరు."

గంటంబావు సాగింది ఆ బాగోతం. ఇళ్ళలో దాక్కున్నవాళ్ళు కూడా గేటమ్మను తిట్టే అవకాశం పోతుందేమోనని ఒక్కొక్కరే బయటికొచ్చారు. పంతులుగారు సైతం చేతికర్ర ఊపుకుంటూ వచ్చి, "మా ఇంట్లో ఆరుగురం. ఆరుగురి గొంతులూ కోశావు" అన్నారు. కోళ్ళ కొట్టువాడు నెత్తురు చేతులతోనే వచ్చాడు. "రోజూ నూరు కోళ్ళు తెచ్చుకోవాలి నేను, రోజూ. బండుంటే దర్జాగా తెచ్చుకునేవాణ్ణి" అని అరిచాడు. వాడి మీంచి వచ్చే వాసనకు జనమే రెండడుగులు వెనక్కి జరిగారు. గేటమ్మ మాత్రం జరగలేదు. ఆ వాసన ఆమెకు పాతది.

తిట్టీ తిట్టీ ఊరి గొంతు ఎండింది. పాలు విరుగుతాయని ఎవరో అన్నారు. ఒక్కొక్కరే డబ్బాలెత్తుకుని వెళ్ళిపోయారు. వెళుతూ ఎవరూ ఆమె వైపు చూడలేదు.

లెక్కలాయన గోడ వెనకనుంచి వచ్చాడు. చెమట పట్టి ఉన్నాడు. ఆమె మొహం కేసి చూడలేక కాగితాల్లోకి చూశాడు.

"నూట నలభై మూడు వరసలమ్మా. చాలాచోట్ల పేర్లు లేవు గానీ పని, ఊరు, ఎన్నిసార్లో ఉన్నాయి. మిగతా ఊళ్ళకెళ్ళినవాళ్ళెవరికీ ఇన్ని రాలేదట."

"చదువు."

"అన్నీనా?"

"అన్నీ."

ఆమె నేల మీద కూర్చుంది. అతను చదివాడు. కోళ్ళ కొట్టువాడి దగ్గరికి రాగానే చెయ్యెత్తింది.

"కొట్టెయ్. వాడి కోళ్ళు లారీలో వాడి గుమ్మంలోకే వస్తాయి. వాడు ఊరు దాటి ఆరేళ్ళయింది."

"ఉండనీండమ్మా. ఎంత ఎక్కువుంటే అంత మంచిది లైనుకి."

"ఒక దొంగలెక్క కంపు ఇరవై రెండేళ్ళు పీల్చాను. ఇంకోటి నావల్ల కాదు. పంతులుగారివి కూడా నాలుగు తియ్యి. ఆ ఇంట్లో ఉన్నది ఇద్దరే. మిగతా నలుగురూ ఫొటోల్లో ఉన్నారు."

కలం అయిదు వరసలు కొట్టేసింది. నూట ముప్పై ఎనిమిది. ఆ అంకె వినగానే గేటమ్మ ఉలిక్కిపడింది. ఆ మూడో పొద్దున తన గేటు దగ్గర దూకినవాళ్ళు సరిగ్గా అంతమంది. వాళ్ళలో సగంమంది ఇప్పుడు లేరు. ఇది వేరే నూట ముప్పై ఎనిమిది. అయినా ఒంటి మీద జెర్రి పాకినట్టయింది.

"ఇది చూసి కూడా వాళ్ళు తీసేస్తామంటే?" అంది.

"అనొచ్చమ్మా. నేను మాటివ్వలేను."

"అననీ. ఈసారి మనుషుల్ని చూసి తీసేస్తారు. బల్లల్ని చూసి కాదు."

లెక్కలాయన కాగితాలు బొత్తి పెట్టి, దారం చుట్టబోయి, మళ్ళీ విప్పాడు. "ఒక్కటి అడగాలమ్మా. మొదట మాట్లాడినావిడ, ఆసుపత్రి, వారానికి రెండుసార్లు. ముగ్గురమన్నారు. మూడో మనిషి మీరే కదా?"

దూరంగా మరిది ఇంటి వాకిలి కనబడుతోంది. తోడికోడలు గేటమ్మ మంచాన్నీ నానబెట్టిన చీర బకెట్టునీ పడమటి గదిలోంచి తీసుకొచ్చి అరుగు మీద పెట్టింది. విసిరెయ్యలేదు. జాగ్రత్తగానే పెట్టింది. పెట్టి, లోపలికెళ్ళి తలుపు వేసుకుంది.

"నేనే" అంది గేటమ్మ. "కొట్టెయ్. ఇకనుంచి ఇద్దరే" అంది.

అతను కలం పట్టుకుని ఆమెను చూశాడు. ఆమె కళ్ళు కాగితం మీంచి కదల్లేదు. కొట్టేసేదాకా కూర్చుని, నూట ముప్పై ఏడని వేసేదాకా చూసి, అప్పుడు లేచింది.